పన్నెండో అంగ

ఈ సంగతి నాకు మొదట చెప్పింది కోర్టు బంట్రోతు. కోర్టు ముందు టైపు మిషను పెట్టుకుని కూర్చునే ఆయన కూడా ఇదే కథ చెబుతాడు. వినకండి. ఆయన కథలో దెయ్యానికి గజ్జెలున్నాయి, విరబోసుకున్న జుట్టుంది, నవ్వు కూడా ఉంది. గజ్జెలు లేవు. నవ్వు అసలే లేదు. ఒకప్పుడు నేను చెప్పిన అర్జీలో నాలుగు మాటలు తన ఇష్టం వచ్చినట్టు మార్చి కొట్టిన మనిషి ఆయన. నేను మరిచిపోలేదు. బంట్రోతు అలాంటివాడు కాదు. చూసింది చూశానంటాడు, విన్నది విన్నానంటాడు. అతను చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

ఆ కోర్టులో కొలతలాయన అని ఒకరుండేవారు. రోడ్డు మీద ఎవరికైనా బండి తగిలి కాలో చెయ్యో పోతే, ప్రాణమే పోతే, తప్పు ఎవరిదని కేసు నడిచేటప్పుడు ఆ చోటికి వెళ్ళి, కొలిచి, పటం గీసి ఇవ్వడం ఆయన పని. ఆయన టేపు ముట్టుకునేవారు కాదు. టేపంటే రెండో చివర ఇంకో మనిషి పట్టుకోవాలి. ఆ ఇంకో మనిషి చూపు పక్కకి పోయిందా, కొలత గంగలో కలిసినట్టే అనేవారు. అందుకని అంగలతో కొలిచేవారు. ఒక అంగ రెండున్నర అడుగులు. ఎండైనా వానైనా రెండున్నరే.

ఒకసారి ఒక వకీలు ఎకసెక్కంగా మాట్లాడితే, జడ్జిగారి ఎదుటే వరండా ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి లెక్క చెప్పారు. టేపు పెట్టి చూస్తే అంగుళం తేడా లేదు. ఆ రోజు నుంచి ఆయన కాలే కోర్టుకి గజంబద్ద అయింది. రెండు పక్షాల వకీళ్ళూ ఆయన పటం చూశాక ఇంక నోరెత్తేవారు కాదు.

ఇంట్లోనూ అంతే. పొయ్యి మీద గిన్నెల పిడులు లోపలి వైపుకి తిరిగి ఉండాలి. కత్తిపీట మడిచి పై అరలో పెట్టాలి. మెట్ల మీద చెంబు కూడా ఉండకూడదు. పడుకునే ముందు గ్యాసు కట్టారా లేదా అని తనే లేచి చూసుకునేవారు. ఎవరింట్లో ఎవరు ఎలా పడ్డారో, ఎలా కాలిందో ఆయనకి నోటికొచ్చు. అలాంటి మనిషి స్నానాల గదికి మాత్రం నున్నటి పలకరాళ్ళు పరిపించారు. అద్దంలా ఉండాలని ముచ్చట. ఒక ఉదయం సబ్బు ముక్క కాలి కింద పడి, కుడి మోకాలు గడపకి కొట్టుకుంది.

ఆయన భార్య కట్టు కడుతూ, ఊరందరి కాళ్ళకీ లెక్కలు కట్టిన మనిషి మనింట్లో సబ్బు ముక్కకి లెక్క కట్టలేకపోయారే అని నవ్విందట. ఆయనకి నవ్వు రాలేదు. ఈ మాట గడప దాటకూడదన్నారు. దాటలేదు. వారం రోజులు జ్వరమని సెలవు పెట్టి, ఎనిమిదో రోజున ఎప్పటిలా బూట్లు వేసుకుని కోర్టుకి వెళ్ళారు. కుంటడం ఎవరికీ కనపడనివ్వలేదు. కుంటకుండా నడవడానికి అంగ కొంచెం తగ్గించుకోవాల్సి వచ్చింది. అంతే.

ఆ తర్వాత మూడు నెలలకి పిండిమర వీధిలో బస్సు కింద ఒకామె పోయింది. కుట్టుపని చేసుకునే మనిషి. ఏడేళ్ళ కూతురితో నడిచి వెళుతోంది. అప్పుడు ఆ వీధి కొత్తగా తారు వెయ్యడానికని తవ్వి ఉంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కంకరే. రోడ్డు ఎక్కడ మొదలో, పక్కన మనుషులు నడిచే చోటు ఎక్కడ ఆఖరో కంటికి తెలియదు. కాగితం మీద మాత్రం ఉంది, పిండిమర గోడ నుంచి ఇరవై అయిదు అడుగులకి రోడ్డు అంచు అని. అంచుకి ఇవతల నడిచే మనిషిని గుద్దితే తప్పు బస్సుది. అవతలైతే మనిషిది.

కొలతలాయన గోడ దగ్గర మొదలుపెట్టి రక్తపు మరక దాకా నడిచారు. పన్నెండు అంగలు. పన్నెండు రెండున్నరలు ముప్పై. పటంలో ముప్పై అడుగులని రాశారు.

అంటే ఆమె రోడ్డులోకి అయిదు అడుగులు వచ్చింది. డ్రైవరూ అదే అన్నాడు, కండక్టరూ అదే అన్నాడు. కేసు కొట్టేశారు. అక్కడితో పోతే బాగుండేది. అంత జాగ్రత్త గల మనిషి నడిరోడ్డులోకి ఎందుకెళ్ళింది అని నలుగురూ ఆలోచించి, పిల్ల పరిగెత్తి ఉంటుంది, పట్టుకోవడానికి తల్లి వెళ్ళి ఉంటుంది అని తేల్చారు. తీర్పులో కూడా ఆ ముక్క పడింది. మేము పక్కనే నడుస్తున్నాం అని పిల్ల చెప్పింది. ఏడేళ్ళ పిల్ల మాటకి విలువేముంది?

పన్నెండేళ్ళు గడిచాక ఆ పిల్ల కొలతలాయన ఇంటికొచ్చింది. అప్పటికి ఆయన కొలువు మానేసి చాలాకాలమైంది. గుమ్మం బయటే చెప్పులు విడిచి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడింది. తండ్రికి ఊపిరితిత్తుల జబ్బు, ఇవాళో రేపో అన్నట్టున్నాడని చెప్పింది. నీవల్లే మీ అమ్మ పోయింది అని తండ్రి ఏనాడూ పైకి అనలేదట. కానీ ఆ రోజు నుంచి వీధిలో కూతురి చెయ్యి పట్టుకుని నడవలేదు. రెండు బారలు ముందు నడిచేవాడు, ఈ పిల్ల వెనక నడిచేది. బడికైనా అంతే, ఆసుపత్రికైనా అంతే.

"తాతగారూ, ఆ రోజు నేను పరిగెత్తానా? నాకు గుర్తు లేదు. అమ్మ చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుంది. కొలిచింది మీరు కదా. నాన్న ఉండగా ఒక్కసారి మళ్ళీ చూసి చెబుతారా?"

ఆయన కొలత మళ్ళీ చూడడమా? కోర్టులో జడ్జీలే అడగలేదు. నా కాలు అబద్ధం చెప్పదమ్మా, వెళ్ళిరా అన్నారు. పిల్ల తల ఊపి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఒక్కమాట ఎదురన్నా ఆయనకి బాగుండేది.

వంటింట్లోంచి అంతా విన్న ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఏమండీ, మీరు స్నానాల గదిలో పడ్డది ఆ ఏడే కదా?"

ఆయన ఆ పూట అన్నం తినలేదు. పెట్టె తెరిచి పాత పటం నకలు తీసి, దీపం కింద పెట్టుకుని చాలాసేపు చూశారు. మర్నాడు ఆవిడ పాలు కాచే వేళకి బూట్లు వేసుకుని బయలుదేరారు. తన కాలు సరైనదే అని రుజువు చేసుకుందామనే వెళ్ళారు. అది దాచకుండా ఆయనే బంట్రోతుకి చెప్పారు.

తెల్లవారింది గానీ వెలుగు రాలేదు. అంత పొగమంచు ఆ వీధిలో ఎవరూ ఎరగరు. దీపాల స్తంభాలకి దీపం ఉన్నట్టే లేదు, పైన ఎక్కడో పసుపు మరక. బండ్ల చప్పుడు వస్తోంది గానీ ఎటునుంచో తెలియడం లేదు. పిండిమర ఇంకా తెరవలేదు. తడిసిన పిండి పులిసిన వాసన, ఎప్పటిదో కాలిన డీజిలు వాసన. ఆయన గోడని చేత్తో తడుముకుంటూ వెళ్ళి, వీపు దానికి ఆనించి, మడమలు గోడకి తగిలేలా నిలబడ్డారు. ఎప్పుడూ అలాగే మొదలుపెట్టేవారు.

ఇప్పుడు రోడ్డుకి తారు ఉంది. అంచు కాలికి తెలుస్తుంది. ఇరవై అయిదు అడుగులంటే పది అంగలు. పదో అంగకి బూటు కింద తారు తగలాలి.

ఒకటి... రెండు... మూడు...

పది. బూటు కింద మెత్తగా ఉంది. వంగి వేలితో చూశారు. మట్టి.

పదకొండు. మట్టి.

పన్నెండు. మట్టే. ఇంకో సగం వేస్తే అప్పుడు తగిలింది తారు.

 వెంటనే, ఇది వయసు అనుకున్నారు. అప్పట్లో నా అంగ నిండుగా ఉండేది, ఇప్పుడు ముసలి కాలు. గోడ దగ్గరికి తిరిగి వెళ్ళి, ఈసారి కాలు బాగా సాచి వేశారు. మోకాలు కలుక్కుమంది. పళ్ళు బిగించి వేశారు. నాలుగు... అయిదు... ఆరు...

ఆరు దగ్గర ఆగారు.

ఆయన ఆగాక ఇంకో అంగ పడింది.

వెనకనే. బారెడు దూరంలో.

తిరిగి చూశారు. తెల్లటి మంచు. మనిషి లేడు, కుక్క లేదు. నా చప్పుడే గోడకి తగిలి వస్తోంది అనుకుని మళ్ళీ నడిచారు. ఈసారి చెవి పెట్టి విన్నారు. తన బూట్ల చప్పుడు గట్టిగా పడుతోంది. దాని వెనక... టప్ మని ఒకటి. మెత్తగా ఒకటి. టప్ మని ఒకటి. మెత్తగా ఒకటి.

చెప్పున్న కాలు. చెప్పు లేని కాలు.

పన్నెండేళ్ళ కిందటి పటంలో మరకకి దూరంగా ఒక చెప్పు బొమ్మ గీసింది ఆయన చెయ్యే. ఒక్కటే చెప్పు. రెండోది దొరకలేదని పక్కన రాశారు కూడా.

పరిగెత్తాలనుకున్నారు. ఎటు? మంచులో ఒకవైపు గోడ, ఒకవైపు బస్సులు. గోడ దగ్గరికి వెళ్ళి వీపు ఆనించి నిలబడ్డారు.  కళ్ళు మూసుకుని, మూడోసారి కాలు సాచబోయారు.

చెవి పక్కనే వినపడింది.

"మామూలుగా నడవండి, బాబాయిగారూ."

కోపం లేదు అందులో. జాకెట్టు కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి లాక్కునే వాళ్ళతో కుట్టుపనివాళ్ళు అంటారు చూడండి, మామూలుగా నిలబడండి, తర్వాత బిగుతైపోతుంది అని... అలా ఉంది ఆ గొంతు.

ఆయన మామూలుగా నడిచారు. ఎన్నేళ్ళనుంచో దాచుకున్న కుంటుతో, ఉన్నది ఉన్నట్టు నడిచారు. పన్నెండో అంగ దగ్గర వెనక నడక కూడా ఆగిపోయింది.

కాళ్ళ కింద మట్టి.

అప్పుడు కూడా, బంట్రోతు దగ్గర ఆయన ఒప్పుకున్నారు, అప్పుడు కూడా లోపల ఏదో ఒక మూల అనిపించిందట: ఇది ఇవాల్టి అంగ, ఆనాటిది కాదు, ఎవరూ రుజువు చెయ్యలేరు అని. ఆ మాట మనసులో ఇంకా పూర్తి కాలేదు. వేళ్ళకి చల్లగా ఏదో తగిలింది. కుట్టుపనివాళ్ళ నూనెగుడ్డ టేపు, అయిదడుగులది. చివర ఇత్తడి రేకు. కుట్టు మిషనుకి వేసే నూనె వాసన.

"చివర పట్టుకోండి."

జీవితంలో ఎవరికీ టేపు చివర పట్టుకోని మనిషి పట్టుకున్నారు. గోడ దాకా వెనక్కి నడిచి, ఇత్తడి రేకు గోడకి ఆనించి, వేలితో నొక్కి పెట్టారు. టేపు మంచులోకి సాగింది... బిగిసింది.

"అయిదు," అంది గొంతు.

టేపు పట్టుకుని ముందుకు నడిచారు. అది ఆగిన చోట ఎవరూ లేరు. ఆ చోట నిలబడగానే మళ్ళీ ముందుకు సాగింది. "పది." మళ్ళీ నడిచారు. "పదిహేను."  టేపు వణకడం లేదు. అవతలి చెయ్యి అంత నిలకడగా ఉంది. "ఇరవై."

అయిదోసారి టేపు నిండా సాగలేదు. ఇంకా అడుగు మిగిలుండగానే ఆగింది.

"నాలుగు... ఇక్కడే."

తర్వాత టేపు అవతలి చివర కిందికి దిగడం మొదలుపెట్టింది. మెల్లగా. నడుము ఎత్తు నుంచి మోకాలి ఎత్తుకి. మోకాలి నుంచి నేలకి. పట్టుకున్న మనిషి పడుకుంటే ఎలా దిగుతుందో అలా.

ఆయన కూడా ఆ మట్టిలో కూర్చుండిపోయారు. కన్నీళ్ళు వస్తున్నాయి. అయినా కొలతలాయన కదా, అడగాల్సింది ఒకటి మిగిలింది. గుసగుసగా అడిగారు, పాప ఏ వైపు ఉందమ్మా అని.

 ఒక బస్సు చాలా దగ్గరగా పోయింది. దాని గాలికి మంచు కదిలి మళ్ళీ మూసుకుంది.

"గోడ వైపు, బాబాయిగారూ. ఎప్పుడూ గోడ వైపే నడిపించేదాన్ని."

వేళ్ళ మధ్య టేపు లేదు. నూనె వాసన మాత్రం మిగిలింది.

ఆయన అట్నుంచి అటే లేచి ఆ తండ్రి ఇంటికి వెళ్ళి ఉంటే...  

వెళ్ళలేదు. ఏమని చెబుతాను, చచ్చిపోయినావిడ వచ్చి కొలిచిందని చెప్పనా, కొలత అంటే రుజువుండాలి అనుకున్నారు. ఇంటికెళ్ళి పాత పటం మళ్ళీ ముందేసుకున్నారు. కేసు కోసం కొలిచిన ఆ రోజే పిండిమర గోడ పొడవు కూడా అంగలతో కొలిచి రాశారు: ఇరవై అంగలు, యాభై అడుగులు అని. గోడ ఇప్పటికీ అదే గోడ. మర్నాడు ఉదయం ఇనప టేపు సంపాదించి, బంట్రోతుని పిలిచి రెండో చివర పట్టుకోమన్నారు. ఇరవై ఏళ్ళ పరిచయంలో టేపు పట్టుకోమని ఆయన అడగడం అదే మొదలట. బంట్రోతుకి నవ్వాలో భయపడాలో తెలియలేదు. గోడ నలభై అడుగులుంది.

మనిషి కుంగుతాడు గానీ గోడ కుంగదు. అంటే ఆ రోజున ఆయన అంగ రెండున్నర కాదు, రెండే. పన్నెండు రెళ్ళు ఇరవై నాలుగు. రోడ్డు అంచుకి ఇంకా అడుగు ఇవతల. అప్పుడే గోడకి ఆనుకుని నిలబడి, ముందురోజు మంచులో జరిగినదంతా బంట్రోతుకి చెప్పారు. చెప్పి, ఆ లెక్కంతా శుభ్రంగా కాగితం మీద రాసి, సంతకం చేసి, మడత పెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళేటప్పటికి సాయంత్రమైంది. ఆ ఇంటి ముందు మనుషులు నిలబడి ఉన్నారు.

పిల్ల గుమ్మంలో కూర్చుని ఉంది. ఆయన్ని చూసి లేచింది.

"మధ్యాహ్నం దాకా ఉన్నాడు తాతగారూ," అంది. 

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ఆయన కాగితం తీసి ఇచ్చారు. నువ్వు పరిగెత్తలేదమ్మా, గోడ వైపే నడిచావు, తప్పు నా కాలిది అన్నారు. నలుగురి ముందూ అన్నారు. మోకాలి సంగతి, సబ్బు ముక్క సంగతి కూడా దాచకుండా చెప్పారు. పిల్ల కాగితం అందుకోలేదు. ఆయన మణికట్టు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, ఆ మాట నాన్న చెవిలో చెప్పండి అంది.

ఆ కుడి మోకాలు వంగదు. వంచారు. నేల మీద కూర్చుని, చల్లబడిన ఆ చెవి దగ్గర నోరు పెట్టి, ఇరవై నాలుగు అడుగులు, పాప గోడ వైపు నడిచింది అని రెండుసార్లు చెప్పారు. లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ చలికాలం దాటకుండానే ఆయనా పోయారు. పోయేలోగా ఒక పని చేశారు. కొత్త కొలతలన్నీ కోర్టు కాగితాల మీద రాసి రికార్డు గదికి పట్టుకెళ్ళారు. కోర్టుకిచ్చే కొలత కాగితంలో కింద ఒక గడి ఉంటుంది, రెండో చివర పట్టుకున్నవారు అని. గోడ పొడవు కాగితంలో బంట్రోతు సంతకం ఉంది. గోడ నుంచి మరక దాకా ఉన్న కాగితంలో ఆ గడి ఖాళీగా వదిలేశారు. అబద్ధం రాయలేక. అందుకే రికార్డు గది గుమాస్తా ఆ కాగితాలు తీసుకోలేదు. కొట్టేసిన కేసు కొట్టేసినట్టే ఉంటుంది, పైగా గడి ఖాళీ అన్నాడు. గడి నిండా అక్షరాలుంటే చాలు, కడుపులో నిజముందో లేదో చూడని రకం. ఆ గుమాస్తా ఇప్పుడు పెద్ద కుర్చీలో ఉన్నాడు. బంట్రోతు ఒకరోజు దుమ్ము దులిపే వంకతో లోపలికెళ్ళి, కాగితాలు పాత కట్టలో దూర్చేసి వచ్చాడు.

ఏడాది తిరిగాక మళ్ళీ దులపడానికి కట్ట విప్పితే, ఆ ఖాళీ గడిలో రెండు వేలిముద్రలున్నాయి. ఒకటి పెద్దవాళ్ళది. పక్కనే ఇంకొకటి, చిన్నది. బంట్రోతు ఆ పిల్ల ఇంటికెళ్ళి అడిగాడు. ఆమె ఆ కోర్టు గడప తొక్కలేదంది. తన బొటనవేలు చాచి చూపించింది. పంతొమ్మిదేళ్ళు దాటిన మనిషి వేలు. కాగితం మీద ఉన్నది ఏడేళ్ళ పిల్ల వేలు.

ఆ పిల్ల ఇక్కడ బతికే ఉంది కదా. మరి అక్కడ వేలు పెట్టిందెవరో నాకు తెలియదు. బంట్రోతుకీ తెలియదు.

ఇప్పుడు బంట్రోతు కూడా కొలువు దిగిపోయాడు. ఆ గది తాళం ఎవరి దగ్గరుందో మాకు తెలియదు. ఎవరి దగ్గరున్నా సరే, ఇది చదివితే ఒక్క పని చెయ్యండి. కింది వరసలో, కిటికీ పక్క అరలో, పిండిమర వీధి అని రాసిన కట్ట ఉంటుంది. అందులో ముప్పై కొట్టేసి ఇరవై నాలుగు అని రాయండి. పిల్ల పరిగెత్తింది అన్న మాట కూడా కొట్టెయ్యండి. కొట్టేటప్పుడు ఆ చిన్న వేలిముద్ర మీద చెయ్యి పడనివ్వకండి. తొమ్మిదేళ్ళయింది, ఇంకా ఆరలేదు.